కుచ్చు మీద వాలని పిచ్చుకలు

సముద్రపు హోరు వినబడేంత దగ్గరలో ఒకానొక రాజ్యం ఉండేది. దాని పేరు పైడిలంక సీమ. ఎటు చూసినా కాలువలు, కాలువల మధ్య కనుచూపు మేర వరిచేలు. ఆ సీమను కంఠీరవ భూపతి అనే రాజు ఏలేవాడు. పేరులో సింహం ఉన్నా మనిషి చెడ్డవాడు కాడు. కోపం వస్తే పూట గడిచేసరికి మరిచిపోయేవాడు. మాట ఇచ్చినా అంతే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయనకు కవిత్వం పిచ్చి. రోజూ పొద్దున్నే కొలువు తీరగానే తాను కట్టిన పద్యం ఒకటి రాగం తీసి చదివేవాడు. ఆయన గొంతెత్తేసరికి సభామండపం చూరులోని పిచ్చుకలన్నీ కిచకిచలాడుతూ కిందికి దిగేవి.

"చూశారా! మాటరాని జీవాలు కూడా మా పద్యానికి పరవశించిపోతున్నాయి!" అనేవాడు రాజు.

సభలోని తలపాగాలన్నీ ఒక్కసారిగా ఊగేవి. రాజుగారి ఉప్పు తినే తలలు ఊగక ఏం చేస్తాయి?

నిజానికి పిచ్చుకలు దిగేది పద్యం కోసం కాదు, కుచ్చు కోసం. పైడిలంకలో ఒక ఆచారం ఉండేది. కోతలు కాగానే రైతులు నిండు కంకులు ఏరి, జడలా అల్లి, కుచ్చు కట్టి ఇంటి చూరుకు వేలాడదీసేవారు. చేలో గింజంతా మనిషి ఇంటికి చేరిపోయాక పిట్టకు తిండి ఉండదు గనుక అది పిట్ట వాటా. అలాంటి పెద్ద కుచ్చు ఒకటి రాజుగారి సభలోనూ కట్టేవారు. అది మాత్రం దిగువలంక అనే ఊరి నుంచే రావాలి, అక్కడి పేరంటాలు అనే ఆమె చేత్తోనే అల్లాలి.

పేరంటాలు మొగుడు పోయిన మనిషి. ఒక చిన్న కూతురు, ఒక ముసలి అత్త, కాలువ పక్కన చిన్న పొలం చెక్క, అంతే ఆమె సంసారం. ఆమె అల్లిన కుచ్చు ఎంత గాలికి ఊగినా గింజ రాలేది కాదు.

ఆ కుచ్చును నిచ్చెన ఎక్కి కట్టే పని కూచన్నది. కూచన్న ఆస్థానంలో హాస్యగాడు. పెద్ద పెద్దవాళ్ళు నిచ్చెన ఎక్కితే పరువు పోతుంది గనుక ఆ పని అతని నెత్తిన పడింది. ప్రతి ఏడూ అతను పైన నిలబడితే, పేరంటాలు కింద నుంచి, "ఇంకాస్త ఎడమకి బాబూ! అక్కడైతే పిల్లికి అందుద్ది" అని చెప్పేది. అతను ఎడమకు జరిపి కట్టేవాడు. కాసేపటికి పిచ్చుకలు వచ్చి వాలేవి. ఇద్దరూ చూసి సంతోషపడేవారు.

ఒక ఏడు కార్తీకం చివర, జనం కొడవళ్ళ పళ్ళకు కక్కు కొట్టించుకుని కోతకు సిద్ధంగా ఉన్న సమయంలో గాలివాన వచ్చింది. రాత్రంతా కొట్టి, తెల్లారాక కూడా ఆగలేదు. అది వెలిసేసరికి సీమలో నిలబడిన వరిదుబ్బు ఒక్కటి లేదు. పండిన చేలన్నీ నీళ్ళలో పడుకున్నాయి. జనం గట్ల మీద కూర్చుని ఏడ్చారు. ఏడ్చి, లేచి, పడిన పైరును ఎత్తడానికి చేలల్లోకి దిగబోయారు.

అంతలో డప్పు మోగింది.

"ప్రజలారా వినండహో! మన రాజుగారు దయగల ప్రభువులు! చేను పోయిన ప్రతి ఇంటికీ రాజుగారి గాదెల నుంచి తిండిగింజలూ, మినుము విత్తనాలూ ఇస్తారహో!"

జనం చేతులెత్తి దణ్ణం పెట్టారు. డప్పువాడు ఊపిరి పీల్చుకుని మిగతాది కూడా చెప్పాడు.

"మహామంత్రి సోమయామాత్యులు స్వయంగా వచ్చి కళ్ళారా చూసేదాకా పడిన పైరును ఎవరూ కదపకూడదహో! కదిపిన చేనుకు సాయం లేదహో!"

సోమయామాత్యుడు దొంగేమీ కాదు. గొప్ప చదువరి. పడని చేను కూడా పడిందని చెప్పి జనం గింజలు కాజేస్తారేమోనని ఆయన భయం. అందుకే ఆ ఆజ్ఞ, అందుకే ఊరికో కావలి. అయితే ఆయన ఏనుగు ఎక్కకుండా గడప దాటడు. గాలివాన తరవాత బాటలన్నీ బురద. ఏనుగు అడుగు వేస్తే మోకాలిదాకా దిగబడుతోంది. అందుచేత బాటలు ఆరేదాకా ఆగుదామన్నాడు.

ఇక్కడ వ్యవసాయం తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పడిన వరిని ఎత్తి గట్టున వేసుకుంటే సగం గింజైనా దక్కుతుంది. ఆ నేలలో తడి ఉండగానే మినుములు చల్లితే మళ్ళీ నీరు పెట్టకుండానే, మంచుకే పెరిగి పంట చేతికొస్తుంది. ఆ తడినే పదును అంటారు. పదును పోయాక చల్లిన గింజ మట్టిలో రాయిలా పడి ఉంటుంది. అంటే, ఏనుగు ఏ బురద ఆరాలని చూస్తోందో ఆ బురద ఆరకూడదని రైతు దేవుడికి మొక్కుతున్నాడన్నమాట.

ఒకనాడు పేరంటాలు కోట వెనక వాకిలికి వచ్చి కూచన్నను పిలిపించుకుంది. కాళ్ళకు పిక్కల దాకా బురద ఎండి ఉంది.

"బాబూ, గింజలు ఆలస్యమైతే గంజి తాగి బతుకుతాం. నా చేను నన్ను ఎత్తుకోనిస్తే చాలు. అటక మీద దాచిన మినుములు కాసిని ఉన్నాయి. అవే చల్లుకుంటా" అంది.

"కావలివాళ్ళు పోనివ్వడం లేదా?"

"పక్కచేను సూరప్ప రాత్రికి రాత్రి ఎత్తబోతే లాక్కెళ్ళి చావిట్లో కూర్చోబెట్టారు. ముసలిదాన్నీ పిల్లనీ పెట్టుకుని నేనెక్కడ తెగిస్తాను? మీరు రాజుగారి దగ్గర ఉంటారు కదా, ఒక్క మాట చెప్పండి."

కూచన్న ఆ పూటే సభలో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ! మహామంత్రిగారు చేలు చూడటానికి ఎప్పుడు బయల్దేరతారు?"

"నేల గట్టిపడగానే" అన్నాడు సోమయామాత్యుడు. "ఏనుగు కాలు దిగబడుతోంది."

"అయ్యా, ఏనుగు కాలు దిగబడని నేలలో మినుము మొలవదు. తమరు ఒక్కసారి నడిచి వెళ్ళకూడదా?"

"నేనా? నడిచా?" అన్నాడు మంత్రి, కళ్ళు పెద్దవి చేసి.

సభ ఘొల్లుమంది. రాజు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏమి చమత్కారం! ఏమి చమత్కారం!" అని తాంబూలం ఇప్పించాడు. కూచన్న చేతిలో తాంబూలం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. హాస్యగాడి బతుకులో అంతకంటే కష్టం ఇంకొకటి లేదు. నిజం చెప్పినా నవ్వుతారు.

రోజులు గడిచాయి. నీళ్ళలో నానిన కంకులకు మొలకలు వచ్చాయి. ముందు తెల్లగా, తరవాత పచ్చగా. చేలో పడుకున్న ప్రతి కంకీ గింజ గింజకూ మొలిచి, పడిన పైరు మీద మరో పైరు వేసినట్టయింది. రైతులు ఆ పచ్చదనాన్ని చూడలేక మొహాలు తిప్పుకుని నడిచేవారు.

చివరికి బాటలు ఆరాయి. సోమయామాత్యుడు ఏనుగు మీద అంబారీలో కూర్చుని, ఇద్దరు గొడుగులు పడుతుండగా కాలువ గట్టు వెంట ఊరూరా తిరిగాడు. రైతులు కింద నుంచి ఏదో అరిచి చెప్పారు. ఏనుగు గంటల మోతలో ఆయనకు వినబడలేదు. వినబడినా దిగేవాడు కాదనుకోండి. తిరిగి వచ్చి సభలో గంభీరంగా చెప్పాడు.

"మహాప్రభూ! చేలన్నీ చిలక రెక్కల్లా పచ్చగా కళకళలాడుతున్నాయి. పైరు పోయిందన్న మాట పచ్చి అబద్ధం. గింజల కోసం జనం ఆడిన నాటకం. నేను స్వయంగా వెళ్ళబట్టి ఏలినవారి గాదెలు మిగిలాయి."

రాజు సంతోషించాడు. గాదెల తాళాలు తీయవద్దన్నాడు. పైరు ఇంకా పచ్చిగా ఉంది గనుక పండేదాకా ఎవరూ కోయరాదని మంత్రి ఇంకో ఆజ్ఞ వేశాడు. రాజు ఆ రాత్రి పచ్చదనం మీద పద్యం కట్టాడు.

మర్నాడు పొద్దున కొలువులో ఆ పద్యం ఎత్తుకున్నాడు. చూరులో చడీచప్పుడూ లేదు. గొంతు పెంచాడు. ఒక్క పిచ్చుక దిగలేదు. అప్పుడు తలెత్తి చూస్తే చూరంతా ఖాళీ. పాత కుచ్చు ఎప్పుడో రాలిపోయి ఉట్టి తాడు వేలాడుతోంది. ఆ ఏడు కొత్త కుచ్చు రాలేదన్న సంగతి ఆయన గమనించనే లేదు.

రాజు మొహం చిన్నబోయింది. "మా పిచ్చుకలు ఏమయ్యాయి?" అన్నాడు. ఆ గొంతులో నిజమైన బాధే ఉంది.

ఇక చూడండి హడావిడి! వేటగాళ్ళు వలలు భుజాన వేసుకుని బయల్దేరారు. జ్యోతిష్కుడు గవ్వలు వేశాడు. వైద్యుడు చూరు వాసన చూశాడు. గుర్రపు రౌతులు నాలుగు దిక్కులకూ పరిగెత్తారు. చేలు పోయినప్పుడు కదలని కాళ్ళన్నీ పిట్టలు పోయిన పూటే కదిలాయి. కూచన్న అదంతా చూస్తూ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమోయ్ కూచన్నా, నువ్వు ఉలకవు పలకవు! పిచ్చుకలు ఎందుకు అలిగాయో నీకేమైనా తెలుసా?" అన్నాడు రాజు.

"కనుక్కుంటాను ప్రభూ. రేపు పొద్దున కొలువులో వాటి చేతే చెప్పిస్తాను. పిచ్చుకల కోసం ఏ పని చేసినా కావలివాళ్ళు అడ్డురాకుండా సెలవు ఇప్పించండి."

రాజు వెంటనే ముద్ర ఉంగరం తీసి ఇచ్చాడు.

కూచన్న సాయంత్రానికి దిగువలంక చేరాడు. పేరంటాలు ఇంట్లో పొయ్యి రాజుకోలేదు. అత్త మూలన పడుకుని దగ్గుతోంది. చిన్నపిల్ల వాకిట్లో చింతపిక్కలు ఏరుతోంది, ఆటకు కాదు, తినడానికి.

"చేలో కంకులు కోసి నాకొక కుచ్చు అల్లిపెట్టు" అన్నాడు కూచన్న.

పేరంటాలు అతని మొహంలోకి చూసింది. "ఈ కంకుల్తోనా? వీటిలో ఏముంది బాబూ? పిట్టల్ని మోసం చెయ్యటం కాదా అది?"

"పిట్టలు మోసపోవు. నాకు కావలసిందీ అదే."

ఆమె కొడవలి తీసుకుని లేచింది. కూచన్న ఉంగరం చూపిస్తే కావలివాడు పక్కకు తప్పుకున్నాడు. పేరంటాలు మొలకలతో చిక్కుపడిన కంకులు కోసి తెచ్చి, అరుగు మీద కూర్చుని అల్లింది. ప్రతి ఏడూ అల్లేటప్పుడు పాడుకునేది. ఆ సాయంత్రం పాడలేదు.

అల్లడం అయ్యాక అంది. "ఉప్పుమళ్ళ మేస్త్రీ వచ్చాడు బాబూ. ఎల్లుండి పొద్దున పడవ కడుతున్నాడు. ఊళ్ళో చాలామంది పోతన్నారు. పనిలోకి వస్తే ముగ్గురికీ తిండి పెడతానన్నాడు. ముసలిది ఆ ఎండకి తట్టుకోలేదు. ఇక్కడుంటే ఆకలికి తట్టుకోలేదు."

"చేను?"

"పల్లపు చేను కాబట్టి పదును ఇంకా కొంచెం ఉంది. కాలు పెడితే తెలుస్తంది. ఎల్లుండి ఎండ ఎక్కితే అదీ ఉండదు."

"పడవ ఎక్కకు. అది కదిలేలోగా బళ్ళలో గింజలు వేసుకుని నేను వస్తాను. నా మాట నమ్ము."

"నమ్మకేం బాబూ? మీరు ఎప్పుడన్నా ఎడమకి కట్టమంటే కుడికి కట్టారా?" అని పేరంటాలు నవ్వడానికి ప్రయత్నించింది.

మర్నాడు పొద్దున సభలో పచ్చని కుచ్చు వేలాడింది. అంత పచ్చని కుచ్చును ఎవరూ చూసి ఉండలేదు. సోమయామాత్యుడు మీసం దువ్వాడు.

"చూడండి మహాప్రభూ! నేను చెప్పిన పచ్చదనం ఇదే! కళ్ళకు ఎంత చల్లగా ఉంది!"

కూచన్న కిటికీలన్నీ తెరిపించాడు. రాజు పద్యం ఎత్తుకున్నాడు. కాసేపటికి ఎక్కడి నుంచో ఒక పిచ్చుక వచ్చింది. దాని వెనక నాలుగు, వాటి వెనక ఒక గుంపు. రాజు మొహం వెలిగిపోయింది. గొంతు ఇంకా పెంచాడు. పిచ్చుకలు కుచ్చు చుట్టూ తిరిగాయి. ఒకటి వాలి, ముక్కుతో పొడిచి, విదిలించుకుని లేచిపోయింది. ఇంకొకటి వచ్చి అంతే చేసింది. తక్కినవి వాలనైనా వాలలేదు. రాజు పద్యం మూడో పాదంలో ఉండగానే వచ్చిన కిటికీలోంచే అన్నీ వెళ్ళిపోయాయి.

"మా పద్యం అంత బాగాలేదా?" అన్నాడు రాజు. ఆయన కళ్ళలో నీళ్ళు ఒక్కటే తక్కువ.

"పద్యం సంగతి నాకు తెలియదు ప్రభూ" అన్నాడు కూచన్న చేతులు కట్టుకుని. "పాపం, పిచ్చుకలకు మహామంత్రిగారంత చదువు లేదు, ఎక్కడానికి ఏనుగూ లేదు. అందుకని కంకి మీద వాలి చూడాల్సి వచ్చింది."

సభలో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. మంత్రి మొహం ఎర్రబడింది.

"అల్పజీవులు! పచ్చని పైరు విలువ వాటికేం తెలుసు!"

"అయితే మహామంత్రిగారే ఆ కుచ్చులోంచి ఒక్క బియ్యపు గింజ వలిచి చూపించాలి. చూపిస్తే ఈ తలకాయ తమ ఏనుగు కాలి కింద పెడతాను. అది దిగబడకుండా చూసుకునే పూచీ కూడా నాదే."

మంత్రి విసురుగా లేచి కుచ్చులోంచి ఒక కంకి లాగాడు. ఒక గింజ వలిచాడు. పొట్టు ఊడింది, లోపల ఏమీ లేదు. ఇంకొకటి వలిచాడు. వేళ్ళకు జిగురు అంటింది. కంకి అంతా వలిచాడు, రెండో కంకి లాగాడు. కుళ్ళిన వాసన సభంతా కొట్టింది. ఆయన మీసం నిండా పొట్టు, ఒడి నిండా మొలకలు. బియ్యపు గింజ మాత్రం లేదు.

రాజు చేయి చాపి ఒక కంకి అడిగి తీసుకున్నాడు. తానూ వలిచి చూశాడు.

"ఏమిటిది కూచన్నా?"

"మొలక ప్రభూ. పండిన గింజ నీళ్ళలో పడి నాని మొలిచింది. మంత్రిగారు వచ్చేదాకా కదపవద్దన్నారు గనుక జనం కదపలేదు. ఏనుగు బురదలో నడవలేదు గనుక మంత్రిగారు రాలేదు. గింజలో ఉన్న బియ్యాన్ని మొలక తినేసి పచ్చగా కనబడింది. తమరు పద్యం కట్టింది చచ్చిపోయిన పంట మీద."

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి తుమ్మాడు. మీసం మీది పొట్టంతా ఎగిరి మళ్ళీ మీసం మీదే పడింది. రాజు ఆపుకోలేకపోయాడు. పగలబడి నవ్వాడు. ఆయనతో పాటు సభంతా నవ్వింది.

"శభాష్ కూచన్నా! పిచ్చుకల చేత సాక్ష్యం చెప్పించావు!" అని తన చేతి కంకణం తీసి అతనికి తొడిగాడు. గాదెలు తెరిపించమన్నాడు. బళ్ళు కట్టమన్నాడు. ఇక మీదట చేలను నడిచి చూడాలని మంత్రిని ఆజ్ఞాపించాడు.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడ ఆపేస్తారు. రాజు నవ్వాడు, కంకణం ఇచ్చాడు, మనమూ నవ్వుకుని లేచిపోవచ్చు. నాకూ ఇక్కడ ఆపాలనే ఉంది. కానీ దిగువలంకలో పేరంటాలు ఎదురుచూస్తోంది కదా!

బళ్ళు సిద్ధమయ్యేసరికి మధ్యాహ్నమైంది. కూచన్న ఎక్కబోతుంటే అంతఃపురం నుంచి కబురు వచ్చింది. రాణులు ఆ వేడుక చూడలేదట. మళ్ళీ ఒకసారి చేసి చూపించాలట. రాజు కూడా ముచ్చటపడ్డాడు.

"ఒక్క పూటలో ఏం పోయింది? రేపు పొద్దున్నే వెళ్దాం. నేనూ వస్తాను" అన్నాడు.

కూచన్న కాదనవలసింది. అనలేదు. అతని చేతిన కంకణం కొత్తగా మెరుస్తోంది. ఎన్నో ఏళ్ళ తరవాత అతను చెప్పిన నిజాన్ని నిజంగా విన్నారు. ఇంకొకసారి వింటామంటే ఏ హాస్యగాడి మనసు ఆగుతుంది? తెల్లవారుజామున బయల్దేరితే పడవ వేళకు అందుకోవచ్చులే అనుకున్నాడు. ఆ సాయంత్రం రాణుల ముందు మంత్రిలా తుమ్మి చూపించాడు. అందరూ పడి పడి నవ్వారు. ఇంకోసారి తుమ్మమన్నారు. తుమ్మాడు.

పొద్దున రాజు ప్రయాణమంటే మాటలా? స్నానం, పూజ, ఫలహారం, ముహూర్తం. కూచన్న వాకిట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. బళ్ళు కదిలేసరికి పొద్దెక్కింది, దిగువలంక చేరేసరికి పొద్దు వాలింది.

ఊరి మొదట్లోనే రాజు బండి దిగాడు. "అదిగో! మా పిచ్చుకలు!" అన్నాడు.

పేరంటాలు ఇంటి చూరు నిండా పిచ్చుకలు. కిచకిచలతో ఇల్లు మోగిపోతోంది. చూరుకు ఒక చిన్న కుచ్చు వేలాడుతోంది. పచ్చది కాదు, బంగారు రంగు కుచ్చు. నిరుటి కంకులు. విత్తనానికని అటక మీద దాచుకున్నవి. కింద తలుపు గడియకు కొబ్బరితాడు కట్టి ఉంది.

కూచన్న ఆ తాడు పట్టుకుని నిలబడిపోయాడు.

పక్కింటి ముసలాయన కర్ర ఊతంగా వచ్చాడు. వచ్చింది రాజని ఆయనకు తెలియలేదు.

"పొద్దున దాకా చూసిందండి. పడవవాడు కేకలేశాడు. 'కూచన్న బాబు వస్తానన్నాడు, ఆయన మాట తప్పే మనిషి కాదు, కాసేపు ఆగండి' అని బతిమాలింది. కాసేపు ఆగాడు కూడానండి. ఇంక సముద్రపు పోటు తీసేస్తందని తాడు విప్పేశాడు. ముసలిదాన్ని చాప మీద మోసుకెళ్ళి ఎక్కించారు."

"ఈ కుచ్చు ఎందుకు కట్టింది?" అన్నాడు రాజు.

"నేనూ అదే అడిగానండి. అవి దంచుకుంటే మీ ముగ్గురికీ ఒక పూట గడిచేది కదే అన్నాను. 'ఈ ఏడు ఎక్కడా కుచ్చు లేదు మావా, మన చూరు నమ్ముకున్న పిట్టలు ఎక్కడికి పోతాయి?' అంది. కట్టేసి వెళ్ళిపోయింది."

రాజు అరుగు మీద కూర్చున్నాడు. పిచ్చుకలు ఆయన తల మీదుగా ఎగురుతూ, వాలుతూ, గింజలు ఒలుచుకు తింటూనే ఉన్నాయి. ఒక పొట్టు వచ్చి ఆయన ఒళ్ళో పడింది. దాన్ని తీసి పారేయలేదు.

కూచన్న చేలోకి పరిగెత్తాడు. కాలు పెట్టాడు. కాలు దిగలేదు. అంచుల్లో నేల సన్నగా బీటలు తీసింది. అయినా బండివాళ్ళను పిలిచి పడిన పైరంతా ఎత్తించి గట్టున వేయించాడు. తానే మినుములు చల్లాడు. చీకటి పడేదాకా చల్లాడు. చల్లుతూ, పైకే ఏడ్చాడు. రాజు కూడా దిగి ఒక మోపు ఎత్తి గట్టున వేశాడని చెప్పుకుంటారు. మినుములు మాత్రం మొలవలేదు, కాలువ అంచున లేచిన నాలుగు మొక్కలు తప్ప.

ఊళ్ళో మిగిలినవాళ్ళకు గింజలు అందాయి. వాళ్ళు బతికారు. రాజు పడవల వెంట మనుషులను పంపాడు. ఉప్పుమళ్ళు పరాయి రాజు సీమలో ఉన్నాయి. వెతికి, అడిగి, ఒప్పించి తీసుకొచ్చేసరికి ఏరువాక వచ్చేసింది. పేరంటాలు, కూతురు పడవ దిగారు. పిల్ల అరచేతులు ఉప్పుకు పగిలి ఉన్నాయి. వాళ్ళ వెనక ఇంకెవరూ దిగలేదు. ముసలామె ఉప్పుమళ్ళ గట్టునే ఉండిపోయింది, మట్టిలో.

ఆ ఏడు పంట బాగా పండింది. కోతలయ్యాక పేరంటాలు ఎప్పటిలాగే కుచ్చు అల్లుకుని సభకు వచ్చింది. కూచన్న నిచ్చెన ఎక్కాడు. అతని చేతికి కంకణం లేదు. దిగువలంక నుంచి వచ్చిన రాత్రే తీసి ఎక్కడ పెట్టాడో, మళ్ళీ ఎవరూ చూడలేదు. కిందికి చూస్తే పేరంటాలు మొహం చూడాలి గనుక చూరు వైపే చూస్తూ తాడు ముడి వేయబోయాడు.

కింద నుంచి గొంతు వినబడింది.

"ఇంకాస్త ఎడమకి బాబూ! అక్కడైతే పిల్లికి అందుద్ది."

కూచన్న ఎడమకు జరిపి కట్టాడు. దిగి వచ్చేసరికి కళ్ళు తుడుచుకోవడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

రాజు సింహాసనం దిగి వచ్చాడు. "అమ్మా, నీకేం కావాలో అడుగు" అన్నాడు.

"నాకేం వద్దు దొరా. మళ్ళీ గాలివాన రాకుండా పోదు. ఈసారి వస్తే మా చేలు మమ్మల్ని ఎత్తుకోనివ్వండి. తరవాత మీ ఏనుగు నిదానంగానే రానివ్వండి" అంది పేరంటాలు.

ఈ మాటకు సభలో ఎవరూ నవ్వలేదు. సోమయామాత్యుడు తల వంచుకున్నాడు. రాజు అలాగేనని చెప్పి వెళ్ళి సింహాసనం మీద కూర్చున్నాడు.

పద్యం వేళ అయింది. అందరూ తలలు ఊపడానికి సిద్ధంగా ఉన్నారు. రాజు నోరు తెరవలేదు, కుచ్చు వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి పిచ్చుకలు వచ్చి వాలాయి.

పైడిలంక సీమ కథ ఇంతటితో సరి. మీ చూరుకు కుచ్చు ఉంటే పిట్టలకు చెప్పండి.